పాత యాట్ కొనేముందు ఓనర్ దగ్గరున్న సర్వే రిపోర్ట్ సరిపోతుందా?

నీలికెరటం:
అందరికీ నమస్తే. 34 అడుగుల ఫైబర్‌గ్లాస్ సెయిలింగ్ యాట్ ఒకటి బాగా నచ్చింది, ఇరవై ఏళ్ళు దాటిన బోట్. బ్రోకర్ రెండేళ్ళ కిందటి ఇన్సూరెన్స్ సర్వే పంపాడు, అందులో కండిషన్ బాగుందని రాసుంది, వాల్యుయేషన్ కూడా ఉంది, వీళ్ళు అడిగే రేటు దానికంటే తక్కువే. మళ్ళీ సర్వే, బోట్ పైకెత్తించడం ఇదంతా దండగ ఖర్చు అంటున్నాడు. నిజమేనా? ఇంజిన్ కూడా సర్వేయరే చూస్తాడా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

హల్‌సుత్తి:
నేను ఈ సర్వే పనిలోనే ఉన్నానండి, దయచేసి ఆ రిపోర్ట్ నమ్ముకుని కొనకండి. అది ఓనర్ తన ఇన్సూరెన్స్ కోసం చేయించుకున్నది, రేపు ఏదైనా బయటపడితే ఆ సర్వేయర్ మామూలుగా తన క్లయింట్‌కే జవాబుదారీ, మీకు కాదు. ముందు అందులో బోట్ నీళ్ళలో ఉండగా చూశారా, పైకెత్తి చూశారా అన్నది వెతకండి. నీళ్ళలో అయితే అడుగుభాగం ఎవరూ చూడనట్టే.

కొనేముందు చేసే సర్వేలో డెక్ అంతా చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతాం, బాగున్నచోట శబ్దం ఖణేల్‌మంటుంది, లోపల బాల్సా చెక్క నాని పొర విడిపోయి ఉంటే మొద్దుగా వస్తుంది, ఎక్కువగా స్టాంషన్ల (డెక్ అంచు రెయిలింగ్‌ని నిలబెట్టే కడ్డీలు) మొదళ్ళలో, చెయిన్‌ప్లేట్ల (తెరచాప స్తంభాన్ని పట్టే వైర్లు బిగించే లోహపు పట్టీలు) చుట్టూ, ఎందుకంటే నీళ్ళు దిగేది ఆ బోల్టుల రంధ్రాల్లోంచే. మాయిశ్చర్ మీటర్ మాత్రం అప్పుడే పైకి తీసిన హల్ (బోట్ బయటి ఒళ్ళు) మీద ఎక్కువే చూపిస్తుంది, ఆ ఒక్క రీడింగ్ చూసి ఆస్మాసిస్ (ఫైబర్‌గ్లాస్‌లోకి నీళ్ళు ఇంకి బొబ్బలెక్కడం) అని కంగారుపడకండి. సీకాక్‌లు (హల్‌లోంచి నీళ్ళు వచ్చిపోయే దారులకుండే వాల్వులు) ఇత్తడివైతే కాస్త గీకి చూడాలి, గులాబీ రంగు తేలిందంటే జింక్ పోయి లోహం గుల్లబారినట్టు, పైకి చక్కగానే కనిపిస్తుంది కానీ గట్టిగా తిప్పితే విరిగి చేతికొస్తుంది, ఇక నీళ్ళు సరాసరి లోపలికే.

కీల్ (బోట్ తిరగబడకుండా అడుగున బిగించే బరువైన రెక్క) దగ్గర అస్సలు రాజీపడొద్దు. 2014లో చీకీ రఫీకి అనే యాట్‌కి అట్లాంటిక్‌లో కీల్ ఊడిపోయి నలుగురూ చనిపోయారు. అంతకుముందు బోట్ అడుగు నేలకి తగలడం, తర్వాత చేసిన రిపేర్లు కలిసి దాన్ని బలహీనపరిచి ఉండొచ్చని బ్రిటన్ దర్యాప్తులో తేల్చారు. కాబట్టి ఈ బోట్ ఎప్పుడైనా నేలకి తగిలిందా అని ఓనర్‌ని రాతపూర్వకంగా అడగండి.

తెరచాప_రాజు:
వాల్యుయేషన్ గురించి నేను చెప్తా. అలాంటి బోట్లు నిజంగా ఎంతకి అమ్ముడయ్యాయో అది చూడాలి, యాడ్స్‌లో పెట్టే రేట్లు కాదు. రిగ్గింగ్ వైర్ల (తెరచాప స్తంభాన్ని నిలబెట్టేవి) వయసు కూడా అడుగు బ్రదర్, పాతబడితే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు మార్చమంటాయి, ఆ ఖర్చు రేటులోంచి తీసెయ్యాలి. ఇంజిన్‌కి వేరే మెకానిక్‌ని పెట్టుకో, మామూలు సర్వేయర్లు పైపైనే చూస్తారు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించు, నువ్వు వెళ్ళేసరికే వేడిగా ఉంటే ఇంకోరోజు వస్తానని చెప్పు. సముద్రంలోకి తీసుకెళ్ళి ఫుల్ థ్రాటిల్‌లో రేటెడ్ ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి ఇన్ని చుట్లు తిరగాలని కంపెనీ చెప్పిన లెక్క) అందుకుంటుందో లేదో కూడా చూడండి.

నీలికెరటం:
థాంక్స్ అండి ఇద్దరికీ. రిపోర్ట్ మళ్ళీ చూశాను, నీళ్ళలో ఉండగానే చేశారట. బ్రోకర్ ఇప్పుడు తనకి తెలిసిన సర్వేయర్ ఉన్నాడంటున్నాడు, పెట్టుకోవచ్చా?

హల్‌సుత్తి:
వద్దండి, బ్రోకర్‌తో సంబంధం లేనివాళ్ళని మీరే వెతుక్కోండి. గుర్తింపు పొందిన సర్వేయర్ల సంఘంలో సభ్యత్వం ఉందా, ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ (పనిలో తన తప్పు వల్ల క్లయింట్‌కి నష్టమొస్తే కవర్ చేసేది) ఉందా అడగండి. అడ్వాన్స్ ఇచ్చేముందు ఒప్పందంలో సర్వే తృప్తిగా లేకపోతే డబ్బు వెనక్కి అని రాయించుకోండి. సర్వే రోజు మీరూ అక్కడే ఉండండి, రిపోర్ట్‌లో చదివేదానికంటే ఆ మెత్తబడ్డ డెక్ మీద మీరే కాలు పెట్టి చూస్తే ఎంత తగ్గించమని అడగాలో తెలుస్తుంది.