బాల్టిమోర్ రో హౌస్ వయసు తేల్చేది దస్తావేజా, ఇటుకా?

మూడుమెట్లు (ప్రశ్న): అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్, అందులో ఫెల్స్ పాయింట్ అనే పాత పేట. అక్కడ 13 అడుగుల వెడల్పున్న ఇటుక రో హౌస్, అంటే పక్కిళ్లతో గోడలు పంచుకుంటూ వరసగా కట్టిన ఇళ్లలో ఒకటి. పన్ను రికార్డులో కట్టిన సంవత్సరం 1900 అని ఉంది. దస్తావేజులు వెనక్కి తవ్వితే 1840ల దాకా వెళ్తున్నాయి. గోడ చూడకుండా ఏ తేదీనీ నమ్మొద్దని తాపీపని తెలిసినవాళ్ల మాట. దేన్ని పట్టుకోవాలి? ఇందులో ఎవరెవరు కాపురం ఉన్నారో తెలుసుకునే దారేది?

పాతకాగితం: ముందు ఆ 1900ని పక్కన పెట్టండి. పన్ను రికార్డుల్లో పాత ఇళ్లకు ఇలాంటి సున్నాల సంవత్సరాలు బోలెడు. అవి అంచనాలు.

దస్తావేజే దారి. మన దగ్గర లింకు డాక్యుమెంట్లు చూసినట్టే. మేరీలాండ్ భూమి రికార్డులు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఖాతా తెరిస్తే చాలు. ముందటి దస్తావేజు ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చాలావాటిలో రాసే ఉంటుంది. అది పట్టుకుని వెనక్కి నడవండి. గొలుసు తెగితే అమ్మినవారి సూచిక, కొన్నవారి సూచిక రెండూ తిప్పాలి. అయినా దొరక్కపోతే ఇల్లు వారసత్వంగా వచ్చి ఉంటుంది, వీలునామాల రిజిస్టరు చూడాలి.

బాల్టిమోర్‌లో అసలు ఆధారం గ్రౌండ్ రెంట్. ఇల్లు ఒకరిది, కింద నేల మరొకరిది. నేలకు 99 ఏళ్ల లీజు, గడువు తీరినప్పుడల్లా పొడిగించుకోవచ్చు. బిల్డరు పేరు మీద ఒకే వీధిలో, ఒకే వెడల్పుతో, ఒకే వార్షిక అద్దెతో అరడజను లీజులు పక్కపక్కనే కనిపిస్తే ఆ వరస లేచింది అప్పుడే. సరిహద్దుల పేరా నిదానంగా చదవండి. 'అక్కడ కట్టి ఉన్న ఉమ్మడి గోడ మధ్యగా' అని ఉంటే ఆ తేదీకి గోడ ఉన్నట్టే.

సున్నంగోడ: ఆ చివరి మాటతో ఏకీభవించను. గుమస్తాలు పాత సరిహద్దులను అక్షరం పొల్లుపోకుండా ఎక్కించేవాళ్లు. ఆ ఉమ్మడి గోడ కాలిపోయిన పాత ఇంటిదీ కావచ్చు. ఇప్పుడున్న ఇల్లు అదేనని దస్తావేజు చెప్పదు.

టార్చి పట్టుకుని సెల్లార్‌లోకి దిగండి. నేలను మోసే దూలాల పక్క ముఖాల మీద వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టండి. గీతలు తిన్నగా ఉంటే నిలువు రంపం, వంపు తిరిగి ఉంటే గుండ్రటి రంపం. గుండ్రటి రంపం 1830ల తర్వాతే మామూలైంది. మేకు కాండం నలుచదరంగా, రెండు పక్కలే సన్నబడుతూ ఉంటే 1890లకు ముందటి కోత మేకు. గుండ్రటి తీగ మేకులు ఆ తర్వాతవి. ఒక్క మేకు చూసి తేల్చకండి, మరమ్మతుది కావచ్చు. నేల చెక్క ఎన్నడూ ఊడని మూలలో చూడాలి. దూలం మీద పనికిరాని గాట్లు, ఖాళీ రంధ్రాలు ఉంటే అది వేరే ఇంటి నుంచి తెచ్చింది, దాని వయసు మీ ఇంటి వయసు కాదు.

ఇక ముఖద్వారం వైపు. పక్కింటితో కలిసే చోట ఇటుకలు ఒకదాంట్లోకి ఒకటి అల్లుకుంటే రెండిళ్లూ ఒకేసారి కట్టినవి. పైనుంచి కిందికి తిన్నటి చీలిక ఉంటే వేర్వేరుగా కట్టినవి.

గోడ మీద ఫార్మ్‌స్టోన్ ఉందా? 1937లో ఈ ఊళ్లోనే పేటెంట్ తీసుకున్న నకిలీ రాతి పూత అది. ఇనుప జాలీని మేకులతో ఇటుకకు కొట్టి దాని మీద వేస్తారు. తీస్తే ఇటుక ముఖం రాలొచ్చు. చూడ్డానికైతే పూత లేని వెనక గోడ చాలు. తీసేశాక రంధ్రాలు సిమెంటుతో పూడ్చొద్దు. పాత ఇటుక మెత్తన, సిమెంటు గట్టి. తడి బయటికి పోవడానికి ఇటుకే మిగిలి, కొన్ని చలికాలాల్లో పెచ్చులూడుతుంది. సున్నం, ఇసుక కలిపిన గచ్చే వాడాలి.

పాతకాగితం: గుమస్తా సంగతి ఒప్పుకుంటాను. అందుకే మ్యాపు కూడా చూడాలి. సాన్‌బోర్న్ అగ్ని బీమా మ్యాపుల్లో గులాబీ రంగు ఇటుక, పసుపు చెక్క. ఇంటి ఆకారం, ఎన్ని అంతస్తులు, వెనక వంటిల్లు అన్నీ కనిపిస్తాయి. 1890 మ్యాపులో రెండంతస్తులుండి ఇప్పుడు మూడుంటే పై అంతస్తూ, ముఖం పై అంచున ఉండే కార్నిస్ పట్టీ తర్వాతవే. అంతకు ముందుకైతే 1869 నాటి సాక్సే చిత్రం ఉంది, ఊరంతా పక్షి పైనుంచి చూసినట్టు గీసినది. మేకు దశాబ్దాన్ని చెబుతుంది, సంవత్సరం కావాలంటే మళ్లీ కాగితం దగ్గరికే రావాలి.

ఎవరిల్లు: ఇద్దరూ గోడ దగ్గరే ఆగిపోయారు. ఉన్నదెవరన్నదీ ప్రశ్నలో ఉంది. ఇలాంటి ఇళ్లలో చాలామంది అద్దెకున్నవాళ్లే, వాళ్ల పేరు ఏ దస్తావేజులోనూ రాదు. గ్రౌండ్ రెంట్ యజమానిని ఇంటివాడనుకుని చరిత్ర రాసేవాళ్లూ ఉన్నారు, ఆయన ఆ గుమ్మం తొక్కి ఉండకపోవచ్చు.

జనాభా లెక్కల్లో ఇంటి నంబరు 1880 నుంచి ఉంది. 1890వి దాదాపు మొత్తం 1921 అగ్నిప్రమాదంతో పోయాయి. 1900 నుంచి 1950 దాకా పదేళ్లకోసారి చూడొచ్చు. మధ్య ఏళ్లకు సిటీ డైరెక్టరీలు, అంటే ఊళ్లోవాళ్ల పేర్లు, చిరునామాలు అచ్చేసిన పుస్తకాలు. జాగ్రత్త, 1886–87లో ఊరంతా ఇంటి నంబర్లు మారాయి. 1880 నాటి 52ని ఇప్పటి 52 అనుకుంటే వేరే కుటుంబం చరిత్ర రాస్తారు. చుట్టుపక్కల నాలుగైదు పేర్లు, సందు మలుపులు కలిపి సరిచూడండి.

నల్లజాతివారి పేర్లను పాత డైరెక్టరీలు విడి జాబితాలోనో, పక్కన గుర్తు పెట్టో ఇచ్చేవి. మొదటి పుటల్లో దొరకలేదని వదిలేయకండి. 1910 డిసెంబరులో ఈ నగరం వీధుల్ని జాతివారీగా విడదీసే చట్టం చేసింది. 1917లో లూయీవిల్ నగరం కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో అలాంటివి చెల్లకుండా పోయాయి. 1910 లెక్క ఏప్రిల్‌లో తీసింది, అంటే చట్టానికి ముందటి వీధి. దాని పక్కన 1920 పెట్టి చూడండి.

సున్నంగోడ: నంబర్ల మాట నిజం. కానీ అద్దెవాళ్ల పేర్లతో ఇంటికి పేరు పెట్టలేం కదా. ఫలకం మీద కట్టించినవాడి పేరే ఉంటుంది.

ఎవరిల్లు: ఎందుకు పెట్టలేం? కట్టించినవాడు ఆ వరసంతా కట్టాడు, ఆయన పేరు ప్రతి గుమ్మానికీ వర్తిస్తుంది. ఈ ఒక్క గుమ్మానికే చెందినవాళ్లు లోపల బతికినవాళ్లు. మూడుమెట్లు గారూ, మీ పాత నంబరు తేలాక ఇక్కడే రాయండి, 1880 పేజీ కలిసి చదువుదాం.