చిన్న గదిలో పాటలు కూర్చడానికీ వినడానికీ ఏ స్పీకర్లు తీసుకోవాలి?

ఇంట్లో కంప్యూటర్ మీద గాత్రం, వీణ, మృదంగం రికార్డు చేసి మిక్స్ చేసుకునే నాకు, అదే బల్ల దగ్గర సాయంత్రాలు తీరిగ్గా పాటలు వినడానికి కూడా పనికివచ్చే ఒక జత స్పీకర్లు కావాలి. ఇప్పటివరకు హెడ్‌ఫోన్లతోనే నెట్టుకొస్తున్నాను. గాత్రం వరకు ఇబ్బంది లేదు గానీ, మృదంగం ఎడమవైపు పలికే గుంకీ (లోతైన మంద్రనాదం) ఎంత ఉంచాలో వాటిలో తేల్చుకోలేకపోతున్నాను.

గది పదడుగుల చదరం. బల్లను గోడకు ఆనించే వేయాలి కాబట్టి, వెనక పోర్టు (మంద్రధ్వనిని పెంచేందుకు పెట్టెకు ఉంచే గాలి రంధ్రం) ఉన్న స్పీకర్లకు గోడ దగ్గర మంద్రస్థాయి ఉబ్బుతుందేమోనని నా సందేహం. యమహా హెచ్‌ఎస్‌5, జేబీఎల్ 305పీ మార్క్ 2 రెండూ 5 అంగుళాల ఊఫర్ (మంద్రధ్వనులు పలికించే భాగం) గలవే. మంద్రంలో యమహా 54 హెర్ట్జ్ వరకు, జేబీఎల్ 43 హెర్ట్జ్ వరకు దిగుతాయని తయారీదార్లు చెబుతున్నారు, కానీ రెండింటికీ పోర్టు వెనకే ఉంది. యమహా వెనకనున్న రూమ్ కంట్రోల్ స్విచ్ 500 హెర్ట్జ్‌కు దిగువ ధ్వనిని 2 లేదా 4 డెసిబెల్స్ తగ్గిస్తుంది. గోడ దగ్గర పెట్టి వాడేవారికి అది నిజంగా సరిపోతోందా, లేక ముందు పోర్టు ఉన్న కేఆర్‌కే రాకిట్ 5 వైపు వెళ్లడమే మేలా?

యమహా మధ్యస్థాయిని నిర్మొహమాటంగా వినిపిస్తుందంటారు; మిక్సింగ్‌కు అది మంచిదే, కానీ గంటల తరబడి వింటే చెవులు అలసిపోతాయా? నా ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (మైకునూ స్పీకర్లనూ కంప్యూటర్‌కు కలిపే పెట్టె) బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్లు (రొద చేరకుండా తీగతో కలిపేవి) ఉన్నాయి గనుక బ్లూటూత్ అవసరం లేదు. వీటిని సొంతంగా వాడినవారు చెబితే కృతజ్ఞుణ్ణి.