సమస్యాపూరణం: «వ్యాధి మేలయ్యె నూరికి వైద్య మట్లు»

నిర్వాహకుడు: ఈసారి తేటగీతి చివరి పాదం ఇచ్చాను. వస్తువు మదర్ మేరీ బాప్టిస్ట్ రస్సెల్. 1829లో ఐర్లండ్‌లోని న్యూరీలో పుట్టారు. కిన్‌సేల్ మఠం నుంచి తోటి సిస్టర్లతో బయల్దేరి 1854 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగారు. కాథలిక్ సన్యాసినులంటే గిట్టని పత్రికలు వాళ్లను ఆడిపోసుకున్నాయి. మరుసటి ఏడాదే కలరా. కౌంటీ ఆసుపత్రిలో రోగుల పక్కన నిలిచింది ఈ సిస్టర్లే. 1857లో సెయింట్ మేరీస్ ఆసుపత్రి తెరిచారు, బడులూ నడిపారు. 1868లో మశూచి వచ్చినప్పుడూ వెళ్లారు. 1898లో ఆమె కన్నుమూశారు.

మొదటి పూరణ (ఒక విద్యార్థి):

ముసుగు కన్నెల దూరిన మూర్ఖ జనులె
నాడు కలరాను మంచాల నడుమ నిలిచి
సేవ సేసెడు వారికి చేతులెత్త
వ్యాధి మేలయ్యె నూరికి వైద్య మట్లు

మాస్టారు: బాగుంది నాయనా. ఊరి మనసుకున్న జబ్బును కలరా కుదిర్చిందన్నావు, వ్యాధి మేలెలా అవుతుందన్న విరోధం విడిపోయింది. 'కి' ద్రుతాంతం, అంటే చివర నకారం దాగిన మాట, దాని తర్వాత 'చే' 'జే' అవుతుంది కనుక 'వారికి జేతులెత్త' అనాలి. 'మూర్ఖ' మాత్రం యతి కోసమే, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరడానికే వచ్చినట్టుంది. తిట్టినవాళ్లే మారారు కదా, ఆ మాట వాళ్లకు అక్కర్లేదు.

రెండో పూరణ (ఒక రిటైర్డ్ నర్సు):

అమ్మవారు సోకిన యొడ లంత మండ
చదువు నేర్పిన చేతులే చల్లజేయ
మదరు బాప్టిస్టు నిలిపిన మార్గమందు
వ్యాధి మేలయ్యె నూరికి వైద్య మట్లు

విద్యార్థి: శాన్‌ఫ్రాన్సిస్కోలో అమ్మవారేమిటండీ?

నర్సు: మా అమ్మమ్మ ఆ జబ్బుని ఇంకో పేరుతో పిలవడం నేను వినలేదు బాబూ. ఒళ్లంతా పొక్కులతో ఉన్న మనిషిని ముట్టుకోవడమంటే ఏమిటో ఆ ఒక్క మాటలోనే నాకు తెలుస్తుంది. మశూచి అని రాస్తే ఆ భయం రావడం లేదు.

మాస్టారు: ఆ మాట ఉంచండమ్మా. రెండో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. పలక మీద అక్షరాలు దిద్దించిన చెయ్యే నుదుటి మీద తడిగుడ్డ వేసింది. కానీ వ్యాధి ఎందుకు మేలైందో పద్యం చెప్పలేదు, సమస్య అలాగే ఉండిపోయింది. మూడో పాదం ఇలా చూడండి:

పరుల బాధయె తమదన్న పాఠ మొదవ

అప్పుడు వ్యాధే పాఠం చెప్పినట్టవుతుంది, చదువు మాటకూ అందుతుంది.

నర్సు: అర్థం కుదిరింది మాస్టారూ, కాదనను. కానీ ఆవిడ పేరు పోయింది. ముప్ఫై ఏళ్లు వార్డుల్లో పనిచేశాను, మా పేర్లు ఎక్కడా లేవు. ఆవిడ పేరైనా పద్యంలో ఉండాలి. ఇంకోటి రాసి ఆదివారంలోగా పంపిస్తాను.