ఇన్‌లైన్ హాకీకి రెఫరీలను ఎలా తయారు చేసుకోవాలి? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో మేం కొందరం తల్లిదండ్రులం కలిసి పిల్లలకి ఇన్‌లైన్ హాకీ ఆడిస్తున్నాం, బాల్‌తో ఆడే రోలర్ హాకీ కాదండీ, ఒకే వరసలో చక్రాలున్న స్కేట్లు వేసుకుని పక్‌తో (బాల్ బదులు వాడే చదునైన గుండ్రటి బిళ్ల) ఆడేది. ఆడే పిల్లలకి కొదవ లేదు, ఈల ఊదేవాళ్లే లేరు. కోచే రెఫరీ అయితే అవతలి టీమ్ వాళ్లు ఊరుకుంటారా? ప్రతి మ్యాచ్‌కీ గొడవే.

ఒక్కో వైపు గోల్‌కీపర్ కాక నలుగురే కాబట్టి ఆట యమా స్పీడ్. పైగా ఒంటితో గుద్దడం నిషేధం, కానీ ఏది మామూలుగా తగిలింది, ఏది కావాలని గుద్దింది అనేది స్కేట్ల మీద వెనక్కి వెళ్తూ క్షణంలో తేల్చాలి. రూల్స్ పుస్తకం చదివితే వచ్చే పని కాదది.

పదిహేను పదహారేళ్ల పిల్లల్ని చిన్నవాళ్ల మ్యాచ్‌లకి రెఫరీలుగా పెడదామని ఆలోచన. ఎవరైనా అలా చేశారా? గట్టిగా అరిచే పేరెంట్స్‌ని ఎలా ఆపారు? రోలర్ స్కేటింగ్ ఫెడరేషన్ రెఫరీ పరీక్ష రాసినవాళ్లుంటే దేని మీద ఎక్కువ అడిగారో చెప్పండి. అలాగే స్పీడ్ స్కేటింగ్ కోచ్‌లకి హాకీ స్టిక్ వాడకం నేర్పడం ఎక్కడ మొదలుపెట్టాలి?