జర్మనీ నుంచి అమ్మకి గ్రైండర్ కొనేదెలా?

మ్యూనిక్‌లో ఉంటున్నాను. తెనాలిలో ఉన్న అమ్మకి వెట్ గ్రైండర్ కొందామని 3 రోజులుగా తంటాలు పడుతున్నా. సైటు నేనెక్కడున్నానో పసిగట్టి ధర యూరోల్లోకి మార్చేస్తుంది, అప్పుడు తెనాలి పిన్‌కోడ్ తీసుకోదు. రూపాయల్లోకి మారిస్తే నా జర్మన్ కార్డు వద్దంటుంది. గిర్రున తిరిగే ఆ గుండ్రాన్ని చూసీ చూసీ, చివరికి ‘పేమెంట్ ఫెయిల్డ్’.

ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో ఉండే మనవాళ్లకి ఇండియా బ్యాంకుల్లో ఉండే రూపాయల ఖాతా) ఉంది. కానీ ఓటీపీ వెళ్లేది ఇండియా సిమ్‌కి, రీచార్జ్ చేయక అది ఎప్పుడో పోయింది. 2023లో విదేశీ నంబర్లకి యూపీఐ ఇచ్చిన 10 దేశాల్లో జర్మనీ లేదు, నా అదృష్టం! తమ్ముడితో కొనిపిద్దామంటే వాడి నోట్లో నువ్వుగింజ నానదు, అమ్మ ‘ఎందుకురా దండగ’ అని ఆపేస్తుంది.

ఎన్ఆర్ఓ ఖాతాకి జర్మనీ నంబరు పెట్టించుకున్నవాళ్లు ఉన్నారా? ఓటీపీ సరిగ్గా వస్తోందా? బ్యాంకుకి వెళ్లకుండా మార్చుకోవడం కుదిరిందా అండీ?