డాలస్‌ల కొత్తగ కారు తీసుకున్న తమ్మికి: ట్రక్కుల పక్కన ఎట్ల పోవాలె

ప్రశ్న (హన్మకొండ నుంచి మొన్ననే డాలస్ వచ్చిన):
అన్నలకు నమస్తే. ఆఫీసుకు రోజు ఐ-35 హైవే మీదనే పోవాలె. పక్కన పద్దెనిమిది చక్రాల ట్రక్కు వస్తే చేతులు చల్లబడుతున్నయి. అసలు వీటి యాక్సిడెంట్లు ఎందుకైతయి? నేనేం చూసుకోవాలె?

జవాబు (ఫోర్ట్ వర్త్, సొంతూరు కాజీపేట):
తమ్మీ, భయపడి ట్రక్కు పక్కనే దానంత స్పీడుల పోతున్నవేమో, ముందు అది మానెయ్. మన దగ్గర జనగామ దాటినంక పత్తి లారీ అడ్డమొస్తే హారన్ కొట్టి, సందు దొరికితే ఎడమ నుంచైనా దూరుతం. డ్రైవర్ కుడి ఇండికేటర్ వేసిండంటే "పో" అన్నట్టే. ఆ లెక్కలన్నీ ఇక్కడ బంద్ పెట్టు. ఇక్కడ ఇండికేటర్ పడ్డదంటే ఆయన ఆ లైన్లకు వస్తున్నడు.

డ్రైవర్ ఎడమ దిక్కు కూచుంటడు కాబట్టి కుడి పక్క ఆయనకు కనపడని జాగ రెండు లైన్ల దాక ఉంటది. ముందర ఒక 20 అడుగులు, వెనక ఒక 30 అడుగులు కూడ అంతే. సైడు అద్దంల ఆయన ముఖం నీకు కనపడకుంటే నువ్వూ ఆయనకు కనపడవు. దాటేదుంటే ఎడమ నుంచి, నడుమల ఆగకుండ దాటు. ట్రక్కు మొత్తం నీ లోపలి అద్దంల కనపడినంకనే ముందరికి రా.

నిండు లోడుతోటి అది 80,000 పౌండ్ల దాక ఉంటది, అంటే 36 టన్నులు. 65 మైళ్ల స్పీడుల కారు ఆగనీకి 316 అడుగులు కావాలంటే దానికి 525 కావాలె. ట్రక్కు ముందర జాగ కనపడంగనే మనోళ్లు అండ్లకే దూరుతరు. ఆయన ఆ జాగ బ్రేకు కోసం ఉంచుకున్నడు, నీ కోసం కాదు.

సిగ్నల్ కాడ ఇంకోటి. కుడికి తిరిగే ట్రక్కు ముందు ఎడమకు జరుగుతది. "తొవ్వ ఇచ్చిండు" అని కుడి సందుల కారు పెట్టినవంటే వెనక లోడు మోసే ట్రైలర్ వచ్చి నిన్ను కర్బుకు, అంటే రోడ్డు అంచు గట్టుకు, ఒత్తుతది.

ఇగ కారణాలంటవా, 2001-03 నడుమ జరిగిన పెద్ద ట్రక్కుల యాక్సిడెంట్ల మీద ఇక్కడి సర్కారు పరిశోధన చేయించింది. ట్రక్కు దిక్కు నుంచి మొదలైన వాటిల పదింట దాదాపు తొమ్మిది డ్రైవర్ కాడనే తేలినయి: కునుకు, పరధ్యానం, రోడ్డుకు మించిన స్పీడు. వంద ట్రక్కులల్ల 29 ట్రక్కులకు బ్రేకు లోపం కూడ ఉన్నదట. రూల్ ప్రకారం 11 గంటలకు మించి నడపొద్దు, అదీ డ్యూటీ ఎక్కిన 14 గంటల లోపల, తర్వాత 10 గంటలు రెస్టు. చానా ట్రక్కులకు 2017 డిసెంబర్ నుంచి ఎలక్ట్రానిక్ లాగ్, అంటే నడిపిన గంటలు మిషినే రాసుకునుడు, తప్పనిసరి. కాని లోడింగ్ కాడ కూచున్న గంటలు కూడ ఆ 14లనే పోతయి, అందుకే తొందర. మిర్చి సీజన్ల మన వరంగల్ ఎనుమాముల మార్కెట్ కాడ పడిగాపులు పడే లారీ డ్రైవర్ల కండ్లు చూసినోనివి, నీకు వేరే చెప్పాల్నా.

ఇన్సూరెన్స్ టెక్సాస్ కనీసం తోటి సరిపెట్టకు; దాన్ని 30/60/25 అంటరు, అంటే అవతలోళ్ల దెబ్బలకు ఒక్కరికి 30 వేల డాలర్లు, ఒక యాక్సిడెంటుకు మొత్తం 60 వేలు, వాళ్ల బండి, ఆస్తి నష్టానికి 25 వేలు. తగిలిందంటే 911 కొట్టు, ట్రక్కు తలుపు మీది డాట్ (USDOT) నంబర్, అంటే ఇక్కడి రవాణా శాఖ కంపెనీకి ఇచ్చిన నంబర్, ఫోటో తియ్. అవతలి ఇన్సూరెన్సోళ్లు ఫోన్ చేసి మాటలు రికార్డ్ చేస్తమంటే వద్దను. దెబ్బలు గట్టిగ తాకితే లాయర్‌ను తొందరగ కలువు. ఎందుకంటే డ్రైవర్ గంటల ఆ లాగ్‌లను కంపెనీ ఆరు నెలలే భద్రంగ ఉంచాలని రూల్.

ఇంకో జవాబు (చికాగో, సొంతూరు మంచిర్యాల):
అన్న వాన సంగతి మర్చిండు. ట్రక్కు చక్రాల నీళ్లు అద్దం మీద పడితే కొద్దిసేపు ఏం కనపడది. దాటకముందే వైపర్ ఫుల్ పెట్టు. మన దగ్గర లారీ చెడిపోతే రోడ్డు మీద రాళ్లు, చెట్టు కొమ్మలు పెడతరు కదా, ఇక్కడ ఆగిన పది నిమిషాలల్ల మూడు ఎర్ర త్రికోణాలు పెట్టాలె. ఆ లోపల నువ్వొస్తే ఏముండది. పార్కింగ్ దొరకక రాత్రిపూట ఎగ్జిట్ ర్యాంప్, అంటే హైవే నుంచి దిగే తొవ్వ, పక్కన కూడ ట్రక్కులు ఆపుతరు, ఆడ నావిగేషన్ చూసుకుంట పోకు.