“జాడ వేరు” అనాలా, “జాడ వేరయా” అనాలా?

భీమవరం: పొద్దున్నుంచీ ఒకటే టెన్షన్. “ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు” తర్వాత “చూడ చూడ రుచుల జాడ...” వేరు అనాలా, వేరయా అనాలా? మా అమ్మాయి మార్టేరు స్వర్ణ వరి, అదే ఎంటీయూ 7029 రకం, దాని జన్యువుల మీద పనిచేస్తోంది. జన్యువుల అక్షరవరసల్లో పోలికలు వెతికే బ్లాస్ట్ అనే ప్రోగ్రాంలో వెతికితే వచ్చిన ఫలితాలు ఎక్సెల్‌లో పట్టే 10,48,576 వరసలు దాటిపోతే డేటాబేస్‌లో పోసుకుందట. అందులో “హిట్”కి, అంటే వెతికినదానికి సరిపోలి దొరికిన ఒక్కోదానికి, తెలుగు మాట అడిగింది. “పోలిక” అన్నాను. “మీ వేమన ఒప్పుకోడు నాన్నా” అంది.

మండపేట మాస్టారు: వేరు. ఆటవెలది రెండో పాదం, అయిదూ సూర్యగణాలే. “వేరయ” భగణం, అంటే ఇంద్రగణం, అక్కడ ఇమడదు. మూడో పాదం “పుణ్యపురుషులు వేరయ” కదా, నాలుక దాన్ని పైకి లాగేస్తుంది.

అమలాపురం: గణాలు సరే మాస్టారూ, మా తాతగారు “వేరయా” అని దీర్ఘం తీసేవారు. నా అనుమానం జాడ మీద. తీరు అనా, అడుగుజాడ అనా?

తణుకు: హిట్‌కి జాడే నయం. పోలిక వేరే గడి. మామూలు బ్లాస్ట్ పట్టికలో 12 గడులు: 3వది పోలిక శాతం, 4వది పొడవు, 11వది ఈ-వాల్యూ, అంటే ఇలాంటి పోలిక కాకతాళీయంగా ఎన్ని తగలొచ్చో చెప్పే అంకె, 12వది బిట్ స్కోరు, అంటే పోలిక ఎంత గట్టిదో చెప్పే మార్కు. నూటికి నూరు పోలిక అని సంబరపడితే తీరా అది 30 అక్షరాల ముక్క! ఉప్పూ కప్పురమూ అంటే అదే. అందుకే పోలికకీ పొడవుకీ షరతు పెట్టి ఒక్క క్వెరీతో, అంటే డేటాబేస్‌ని అడిగే ఒక్క ప్రశ్నతో, వడగడతాం. ఈ-వాల్యూతో ఇంకో చిక్కు, వెతికిన డేటాబేస్ పెరిగితే అదీ పెరుగుతుంది. ఎప్పుడు, దేంట్లో వెతికామో పక్కన ఇంకో పట్టికలో రాసుకోకపోతే పాతవీ కొత్తవీ కలిపి చూడలేం.

మండపేట మాస్టారు: వడగట్టడమేంటండీ, వరి కదా, తూర్పారబట్టడం అనండి.

అమలాపురం: ఆయ్, తాలు పోయిందనుకోండి. జాడ అన్నాక ముందు ఎవరో నడిచి ఉండాలిగా? పోలిక ఉన్నంతలో ఒక్క తాత పిల్లలేనా?

తణుకు: కాదు. పోలికని కొలవచ్చు. చుట్టరికం మనం ఊహించేది.

భీమవరం: అమ్మాయి చదివింది. “చుట్టరికం” రాసుకుంది. హిట్‌ని హిట్‌గానే ఉంచుతానంది.

రాజమండ్రి: ఆలస్యంగా వచ్చాను. “వేరు” అంటే చెట్టు వేరని ఎవరికీ తోచలేదా? రుచుల జాడకి మూలం అని?

మండపేట మాస్టారు: తోచలేదు.